మోరీలో పోసింది ఎక్కడికి పోతుంది? మందు పంపు నుంచి జీవామృతం డ్రమ్ము దాకా

ఈసారి పాఠం పంట గురించి కాదు, పంట పని అయిపోయాక మనం చేసే పని గురించి. వీడియోలో కల్వర్టు చూపించాను గదా, ఊళ్లోకి వచ్చే దారిలో మోరీలన్నీ వచ్చి కలిసే చోటు. వీడియోలో పదిహేను నిమిషాల్లో చెప్పలేకపోయిన లెక్కలు, చట్టం మాటలు ఇక్కడ రాస్తున్నాను. కొంచెం ఓపికగా చదవండి.

మిరప, పత్తి మీద మందు కొట్టే రోజుల్లో సాయంత్రం ఆరింటికి ఆ కల్వర్టు దగ్గర నిలబడితే మీకే అర్థమవుతుంది. ఒకాయన తైవాన్ పంపు దించి, అడుగున మిగిలిన మందు మోరీలో వంపేస్తాడు. ఇంకొకాయన ట్రాక్టర్ ట్యాంకు కడుగుతాడు. చేతులు కాళ్లు కడుక్కోవడం కూడా అక్కడే. ఖాళీ డబ్బాలు కల్వర్టు కింద పడి ఉంటాయి. ఎవరినైనా అడిగితే ఒకటే మాట: "ఏమైతదన్నా, వానొస్తే కొట్కపోతది."

నిజమే, కొట్టుకుపోతుంది. ఎక్కడికి కొట్టుకుపోతుంది అన్నదే ఈ పాఠం.

మానవపాడు ఉన్నది నడిగడ్డలో. ఒక పక్క కృష్ణ, ఒక పక్క తుంగభద్ర. మన ఊళ్లల్లో మురికినీటికి వేరే పైపు, వాననీటికి వేరే కాలువ అనేది లేదు. స్నానం నీళ్లు, బట్టలుతికిన నీళ్లు, పశువుల కొట్టం కడిగిన నీళ్లు, వాన పడితే వాన నీళ్లు, అన్నీ ఒకే మోరీలో నడుస్తాయి. ఆ మోరీ చివర శుద్ధి చేసే యంత్రం ఏదీ లేదు. మోరీ నుంచి కుంటకో వాగుకో, వాగు నుంచి నదికి. తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది, ఆ నీళ్లు శ్రీశైలం చేరతాయి, అక్కడి నుంచి నాగార్జునసాగర్. హైదరాబాదు తాగే కృష్ణా నీళ్లు సాగర్ నుంచి వెళ్లేవే. అంత దూరం ఎందుకులెండి, వాగులో మన బర్రెలే నీళ్లు తాగుతాయి.

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 నదీ భాగాలు కలుషితమయ్యాయని జాబితా ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ కింద రాసిన వాటిలో తుంగభద్ర కూడా ఉంది. నది మధ్యలో గీత గీసి ఇది మీ వైపు, ఇది మా వైపు అనడానికి లేదు. ఆర్డీఎస్ కాలువ నీళ్ల కోసం ఎన్నేళ్లుగా కొట్లాడుతున్నామో మనకు తెలుసు. తెలంగాణలో 87,500 ఎకరాల ఆయకట్టు అని కాగితం మీద ఉంటుంది, చివరి భూములకు నీళ్లు రావడం మాత్రం ఎప్పుడూ అనుమానమే. పైనుంచి ఎన్ని నీళ్లు వస్తున్నాయని లెక్క అడిగే మనం, కిందికి ఏం పంపుతున్నామో కూడా చూసుకోవాలి గదా.

ఇప్పుడు చట్టాల సంగతి. చాలామంది అనుకునేది, ఇవన్నీ ఫ్యాక్టరీలకు, పట్నాలకు, రైతుకు కాదు అని. అది తప్పు.

మొదటిది 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం. అందులో 24వ సెక్షన్ ఏం చెబుతుందంటే, విషపూరితమైనది, హాని చేసేది, నీటిని పాడుచేసేది ఏదైనా సరే, తెలిసి ఎవరూ ప్రవాహంలోకి గాని, బావిలోకి గాని, మురుగు కాలువలోకి గాని, నేల మీదికి గాని వదలకూడదు. "ఎవరూ" అన్న మాట గమనించండి. కంపెనీ అని లేదు. ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ చట్టంలో ప్రవాహం అంటే ఏమిటో వివరించిన చోట నది, వాగులాంటి నీటి దారి, మనిషి తవ్విన కాలువ, చెరువు, చివరికి భూమి లోపలి నీళ్లు కూడా కలిపారు. నీటి దారి గురించి చెబుతూ, అందులో నీళ్లు పారుతున్నా, ప్రస్తుతానికి ఎండిపోయి ఉన్నా అది ప్రవాహమే అని రాశారు. నన్నడిగితే ఆ చట్టంలో మనలాంటి మెట్ట ప్రాంతానికి అన్నిటికన్నా పనికొచ్చే ముక్క అదే. మన వాగులు ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండే ఉంటాయి. ఎండిన వాగులో డబ్బాలు పడేస్తే "నీళ్లు లేవు గదా, కాలుష్యం ఎక్కడిది" అంటారు. చట్టం ఆ సాకును యాభై ఏళ్ల కిందటే తీసేసింది.

రెండోది నేరుగా మందు కొట్టే మనిషికి సంబంధించింది. 1968 పురుగుమందుల చట్టం కింద 1971లో నియమాలు వచ్చాయి. అందులో 44వ నియమం మందు తయారుచేసేవాళ్ల మీద, కలిపేవాళ్ల మీద, కొట్టేవాళ్ల మీద కూడా బాధ్యత పెట్టింది. డబ్బాలు, మిగిలిన మందు, కడిగిన నీళ్లు, ఈ మూడూ వాతావరణం గాని నీళ్లు గాని పాడుకాకుండా తీసెయ్యాలి. ఖాళీ డబ్బా మళ్లీ ఎవరూ వాడకుండా పగలగొట్టి, ఇండ్లకు దూరంగా పూడ్చాలి. "కడిగిన నీళ్లు" అని విడిగా రాశారు చూడండి. పంపు కడగడం అనేది చట్టం కంటికి కనబడని చిన్న పని కాదు.

ఈ పూడ్చే సంగతిలో నాకు కొంచెం అభ్యంతరం ఉంది. 1971లో మందు ఎక్కువగా రేకు డబ్బాల్లో, గాజు సీసాల్లో వచ్చేది. ఇప్పుడు అంతా ప్లాస్టిక్. నల్లరేగడిలో ప్లాస్టిక్ డబ్బా పూడిస్తే నాలుగేళ్ల తరువాత దుక్కి దున్నేటప్పుడు నాగలికి అదే తగులుతుంది. నా పద్ధతి కింద చెబుతాను.

మూడోది భారతీయ న్యాయ సంహిత, 279వ సెక్షన్. జనం వాడుకునే ఊట గాని, చెరువు వంటి జలాశయం గాని, వాటి నీళ్లను కావాలని పాడుచేసి వాడకానికి పనికిరాకుండా చేస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది మోరీకి వర్తించదు, కుంటకు వర్తిస్తుంది. మోరీ కుంటలో కలిసే చోట ఈ రెండిటికీ తేడా ఎంత అనేది వకీళ్లు వాదించుకోవలసిన విషయం.

మన పక్కనే ఉన్న గద్వాల, అయిజ, అలంపురం, వడ్డేపల్లి మున్సిపాలిటీలు. అక్కడ ఉండేవాళ్లకు 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు ఇంకా సూటిగా చెప్పాయి: చెత్తను వీధిలో గాని, మోరీలో గాని, నీటి వనరుల్లో గాని పారేయకూడదు, కాల్చకూడదు, పూడ్చకూడదు. హైదరాబాదులో ఈ మాట ఆలస్యంగా వచ్చిందేమో అనిపిస్తుంది. హుస్సేన్‌సాగర్‌లోకి కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ అని నాలుగు నాలాలు వస్తాయి. వాననీళ్లు చెరువుకు చేర్చే దారులే అవన్నీ. వాటిలో ఇండ్ల మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు కలిశాక చెరువు ఏమైందో చూసినవాళ్లందరికీ తెలుసు. బాగుచేయడానికి కోట్లు పోశారు. మన మోరీ చిన్నది, మన కుంట చిన్నది, అంతే తేడా.

అమెరికాలో ఉన్న మన పిల్లలు వీడియో కాల్‌లో చూపిస్తుంటారు, రోడ్డు పక్క జాలీ మీద చేప బొమ్మ వేసి, ఇక్కడ ఏమీ పారబోయకండి, ఇది నేరుగా వాగుకు పోతుంది అని రాసి ఉంటుంది. అక్కడ వాననీటి కాలువ వేరు, మురుగు పైపు వేరు. మురుగు శుద్ధి అవుతుంది, వాననీరు చాలాచోట్ల శుద్ధి లేకుండా వాగుకు పోతుంది. అందుకే 1987లో చట్టం సవరించి, 1990లో పెద్ద నగరాలకు, 1999లో చిన్న పట్టణాలకు కూడా వాననీటి కాలువల మీద పర్మిట్ పెట్టారు. పట్టణం తన కాలువలో వాన తప్ప వేరేది పోకుండా సొంత నియమం చేసుకోవాలి. అయితే పొలం మీద పడి పారే వాననీటికి మాత్రం ఆ పర్మిట్ అక్కర్లేదు, రైతులకు మినహాయింపు ఇచ్చారు. అంటే అక్కడ కూడా పొలం గట్టు దగ్గరికి వచ్చేసరికి చట్టం ఆగిపోయింది. ఆ తరువాత రైతు మనసే.

సరే, ఇంతవరకు చదివి "మాది ప్రకృతి వ్యవసాయం, మేం మందే కొట్టం, ఇది మాకెందుకు" అనుకునేవాళ్లు ఆగండి. అసలు పాఠం మీకే, నాకే.

రెండేళ్ల కింద వానాకాలంలో నాకు డ్రమ్ములో ఓ అరవై లీటర్ల జీవామృతం మిగిలింది. తయారుచేసి పది రోజులు దాటింది, వాసన మారింది. డ్రమ్ము కావాలి, ఇంకో విడత కలపాలి. ఇంటి ముందు మోరీలో వంపేశాను. ఆవు పేడ, ఆవు మూత్రం, బెల్లం, శనగపిండి, ఇందులో విషం ఏముంది అనుకున్నాను. మోరీ వాటం మా ఇంటి నుంచి నాలుగిండ్ల అవతల పల్లంలో ఆగుతుంది. అక్కడ పెద్దవ్వ ఇల్లు. మూడో రోజు పొద్దున్నే వచ్చింది. "ఏం బిడ్డా, వాళ్ల మందు వాసన కన్నా నీ ఆవు వాసన ఎక్కువాయె. దోమలకు రాత్రంతా కన్ను మూయలే." నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మోరీలో నీళ్లు నల్లగా, బుడగలు బుడగలుగా ఉన్నాయి. పేడ, పిండి కుళ్లిన నీళ్లంటే క్యూలెక్స్ దోమకు పండగ.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. మీరూ వేయండి, కష్టమేమీ లేదు.

200 లీటర్ల జీవామృతానికి మనం వేసేది 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది పిడికెడు మట్టి. ఒక్క బెల్లం సంగతే చూద్దాం. ఒక కిలో చక్కెర పదార్థాన్ని సూక్ష్మజీవులు పూర్తిగా తినెయ్యాలంటే దాదాపు ఒక కిలో ఆక్సిజన్ కావాలి. అంటే రెండు కిలోల బెల్లానికి సుమారు రెండు కిలోలు. మన ఎండల్లో 30 డిగ్రీల వేడి నీటిలో లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజనే ఇముడుతుంది. రెండు కిలోలను ఏడున్నర మిల్లీగ్రాములతో భాగిస్తే రెండున్నర లక్షల లీటర్లు పైనే వస్తుంది. డ్రమ్ములో పులిసేటప్పుడే సగం ఖర్చయిపోయిందనుకున్నా ఇంకా లక్ష లీటర్ల నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌ను లాగేసే శక్తి మిగిలి ఉంటుంది. పేడ, పిండి లెక్క ఇంకా కలపలేదు. నీళ్లు గాలి నుంచి ఆక్సిజన్ మళ్లీ తీసుకుంటాయి నిజమే, కాని నిలిచిన కుంటలో అది మెల్లగా జరిగే పని. ఆ లోపల చేపలు పైకి తేలి నోరు తెరుస్తాయి.

శుద్ధి చేసిన మురుగునీటిని నదిలోకి వదలాలంటే మన దేశంలో సాధారణంగా పెట్టిన హద్దు, లీటరుకు 30 మిల్లీగ్రాముల ఆక్సిజన్ గిరాకీ. బీవోడీ అంటారు దాన్ని. ఇండ్ల మురుగులో ఇది రెండు మూడు వందలు ఉంటుంది. పశువుల కొట్టం నుంచి వచ్చే చిక్కటి పేడనీళ్లలో పది వేలు దాటుతుంది. అంటే మన ఇంటి స్నానం నీళ్ల కన్నా మన కొట్టం కడిగిన నీళ్లు ఎన్నో రెట్లు బరువు. నేలకు అది అన్నం. నీటికి అదే ఊపిరాడనివ్వని ముద్ద. పదార్థం ఒకటే, పోసే చోటు తేడా. చట్టం కూడా "నీటిని పాడుచేసేది" అంది గాని రసాయనం అనలేదు.

ఇక కషాయాలు. అగ్ని అస్త్రంలో పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేప వేసి మూత్రంలో మరిగిస్తాం. పొగాకులో నికోటిన్ విషమే. పురుగును చంపుతుంది కాబట్టే వాడుతున్నాం. ఆ గిన్నె, వడగట్టిన గుడ్డ, పిప్పి తీసుకెళ్లి మోరీలోనో బోరింగు కిందో కడిగితే అది కూడా మందు పంపు కడిగినట్టే. సహజమైనది కాబట్టి ప్రమాదం లేదు అనే మాట మన వీడియోల కింద రోజూ చూస్తుంటాను, దయచేసి ఆ మాట వదిలెయ్యండి.

మందు పంపు లెక్క కూడా ఒకటి చెప్తాను, పక్క రైతుకు చెప్పడానికి పనికొస్తుంది. లాంబ్డా సైహలోథ్రిన్ 5 శాతం మందు, లీటరు నీటికి ఒక మిల్లీలీటరు కలిపారనుకుందాం. పంపు అడుగున ఓ 200 మిల్లీలీటర్లు మిగిలింది. అందులో అసలు మందు 10 మిల్లీగ్రాములు, కంటికి ఆనదు. ఈ జాతి మందులు చేపలకు లీటరుకు ఒక మైక్రోగ్రాము కన్నా తక్కువ ఉన్నా చంపగలవు. లీటరుకు ఒక మైక్రోగ్రామే అనుకున్నా ఆ పది మిల్లీగ్రాములు పది వేల లీటర్లకు సరిపోతాయి. ఒక పంపు, ఒక సాయంత్రం. కొంత బురదకు అంటుకుంటుంది, కాని ఆ బురద కూడా వానకు కదిలేదే.

ఏం చేయాలి మరి? మందు కొట్టేవాళ్లకు మొదట ఇది. డబ్బా ఖాళీ కాగానే, పొలంలోనే, కొన్ని నీళ్లు పోసి మూత పెట్టి బాగా ఊపి ఆ నీళ్లను పంపులోనే పోయాలి. ఇలా మూడుసార్లు. డబ్బులు పెట్టి కొన్న మందు చివరి చుక్క కూడా పంటకే పోతుంది, ఈ ఒక్క మాటకు మాత్రం అందరూ తల ఊపుతారు. తరువాత డబ్బాకు మేకుతో బొక్కలు పొడవాలి, ఎవరూ నీళ్లకో నూనెకో వాడకుండా. పూడ్చకుండా ఒక గోనె సంచిలో వేసి, పిల్లలకు అందని చోట కట్టి పెట్టి, పంచాయతీ వాళ్లతో మాట్లాడి విడిగా అప్పజెప్పాలి. ఇంటి చెత్తలో కలిపి సఫాయి అక్క చేతికి ఇవ్వకండి, ఆమె ఒట్టి చేతులతోనే ఏరుతుంది. పంపు కడిగిన నీళ్లు కొట్టిన పంట మీదే, చివరి సాళ్లలో మళ్లీ కొట్టేయండి. కడగడానికి ఒక బిందె నీళ్లు పొలానికి మోసుకెళ్లడమే అసలు కష్టం. ఆ బద్ధకమే కల్వర్టు దాకా తెస్తుంది.

జీవామృతం వాళ్లకు: ఎకరానికి 200 లీటర్లు చాలు గదా, ఎన్ని ఎకరాలకు వదులుతారో అన్ని డ్రమ్ములే కలపండి. మిగిలితే పెంటకుప్ప మీద, చెట్ల పాదుల్లో. డ్రమ్ము కడిగిన నీళ్లు కూడా అంతే. కొట్టం కడిగిన నీళ్లు మోరీ వైపు కాకుండా వెనక పెరటి వైపు వాటం ఉండేలా చిన్న కాలువ తీయండి, చివర పేడ గుంత.

ఇండ్ల నీళ్లకు ఇంకుడు గుంత అందరూ చెప్పే మాట. మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో టెంభుర్ని అనే ఊరు ఇంటింటికీ గుంత తవ్వి, మోరీలే అక్కర్లేకుండా చేసి, దోమలు తగ్గించుకుందని పేరు తెచ్చుకుంది. నాలుగడుగుల గుంత, రాళ్లు, మధ్యలో చెత్త వడపోసే కుండ. మన దగ్గర ఎర్ర నేలల్లో ఇది పనిచేస్తుంది. నల్లరేగడిలో మాత్రం జాగ్రత్త. ఆ మట్టి తడిస్తే ఉబ్బి రంధ్రాలు మూసుకుంటుంది, నెల తిరిగేసరికి గుంత నిండి పైకి పొంగుతుంది. రేగడి నేల వాళ్లు గుంత బదులు చెట్ల పాదు పెట్టుకోండి: అరటి, చేమ, మెట్టతామర. స్నానం నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు ఇవి బాగా తాగుతాయి. మందు పంపు కడిగిన నీళ్లు మాత్రం గుంతలోకి గాని, పాదులోకి గాని పోయకండి. పక్కన బోరు ఉంటే నేరుగా దానిలోకి దారి వేసినట్టే.

ఇదంతా ఒక్కరు చేస్తే చాలదు, ఊరి కట్టు కావాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి. పారిశుధ్యానికి విడిగా స్థాయీ సంఘం ఉంది. 2019 సెప్టెంబరు నుంచి పల్లె ప్రగతి పేరుతో ప్రతి ఊరికీ ట్రాక్టర్, డంపింగ్ యార్డు వచ్చాయి. అంటే పని చేయడానికి చేతులు, బండి ఉన్నాయి. లేనిది తీర్మానం. నేను ఇట్లా రాసి పెట్టుకున్నాను, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి:

"మన గ్రామ పంచాయతీ పరిధిలో మోరీలు, కల్వర్టులు, బోరింగులు, వాగు, కుంట, వీటిలో గాని వీటికి 30 మీటర్ల లోపల గాని మందు పంపులు, ట్యాంకులు, డ్రమ్ములు కడగరాదు. మిగిలిన మందు, కషాయం, జీవామృతం, కొట్టం నీళ్లు మోరీలోకి వదలరాదు. వాగు ఎండి ఉన్నప్పుడు కూడా ఇదే నియమం. ఖాళీ మందు డబ్బాలు నెలకొక రోజు విడిగా సేకరించబడును. పంపులు కడుక్కోవడానికి ఊరి బయట ఒక చోట నీటి తొట్టి, చుట్టూ గట్టు, నీళ్లు బయటికి పోని తావు పంచాయతీ ఏర్పాటు చేయును."

చివరి వాక్యం మరిచిపోకండి. వద్దు అని మాత్రమే రాస్తే రైతు ఎక్కడ కడగాలి? తావు చూపించకుండా జరిమానా వేస్తే చీకటి పడ్డాక వచ్చి అక్కడే కడుగుతారు. ఆ తావు బోర్లకు దూరంగా, కొంచెం ఎత్తులో, వాన నీళ్లు వచ్చి చేరని చోట ఉండాలి.

తీర్మానం అడిగేటప్పుడు ముందు పక్క రైతు మీద వేలు పెట్టకండి. నేను మొదటిసారి అట్లా లేచి మాట్లాడితే వెనక నుంచి ఒక మామ అన్నాడు, "నీ డ్రమ్ము సంగతి పెద్దవ్వను అడగమంటవా?" అందరూ నవ్వారు. నిజమే గదా, ఇంకేం మాట్లాడతాను. ఆ తరువాత ముందు నా డ్రమ్ము చుట్టూ జానెడు లోతు కాలువ తీసి, వాటం పెరట్లోని అరటి పాదుకు పెట్టాను. పొంగినా, ఒలికినా అటే పోతుంది. వీడియో చివర్లో కనిపించే అరటి అదే, గెల వేసింది. మొదటి హస్తం పెద్దవ్వ ఇంటికి పంపాను. తీసుకుంది గాని, "మోరీ మాత్రం మళ్లా చూసుకుంటనే ఉంట" అంది.